మౌన్‌లో ఎనభై రోజులు: పైలట్‌గా మొదటి ఉద్యోగం వెతుక్కున్న నా అనుభవం

2024 జనవరి 16, మంగళవారం మధ్యాహ్నం. జొహానెస్‌బర్గ్ విమానం దిగి, బోట్స్‌వానాలోని మౌన్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ క్యూలో నిలబడ్డాను. కౌంటర్‌లో ఆవిడ పాస్‌పోర్టు తిరగేసి, ఎన్నాళ్లుంటావని అడిగింది. ఎన్నాళ్లిస్తే అన్నాళ్లు అన్నాను. ముఖంలో ఏ మార్పూ లేకుండా 90 రోజులకు స్టాంపు కొట్టింది. అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులు. ఏప్రిల్ 14తో సరి.

ఆ రోజుకి నా ఆస్తి ఇదీ: 214 గంటల ఫ్లయింగ్ లెక్క ఉన్న లాగ్‌బుక్, కమర్షియల్ పైలట్ లైసెన్సు, 25 సీవీ కాపీలు, మూడు తెల్ల చొక్కాలు, ఒక టెంటు, బ్యాంకులో 2,900 డాలర్లు. అందులో 2,000 అక్క ఇచ్చినవి.

లైసెన్సు చేతికొచ్చింది 2022 మేలో. అప్పటి నుంచి మౌన్‌లో దిగేదాకా 20 నెలలు మెయిల్స్ పెడుతూనే ఉన్నాను. మొత్తం 163. జవాబులు 14. వాటిలో తొమ్మిది కంప్యూటర్ దానంతటదే పంపినవి. మిగతా ఐదింటి సారాంశం ఒకటే, 500 గంటలు అయ్యాక రా. 500 గంటలు కావాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగం కావాలంటే 500 గంటలు కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న సామెత ఎవరో పైలట్ పుట్టించి ఉంటాడు.

మధ్యలో రెండు మోసాలు కూడా ఎదురయ్యాయి. ఒకాయన 1,500 డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు కడితే పదిహేను రోజుల్లో ఆఫర్ లెటర్ ఇప్పిస్తానన్నాడు. ఇంకో చోట 25,000 డాలర్లు కడితే 300 గంటలు ‘లైన్ ట్రైనింగ్’ (అసలైన ట్రిప్పుల్లోనే శిక్షణ) ఇస్తామన్నారు. అంటే జీతం మనం ఇచ్చి ఉద్యోగం చేయడమన్నమాట. రెండో దానికి నేను దాదాపు ఒప్పుకున్నాను. అంత డబ్బు అప్పు పుట్టలేదు గనక బతికిపోయాను.

మౌన్‌లో రెండేళ్లు విమానాలు నడిపి వచ్చిన మా సీనియర్ ఒకాయన ఫోన్లో అన్న మాట నన్ను కదిలించింది. “తమ్ముడూ, వాళ్లకి మెయిల్స్ రోజూ వస్తాయి. మనిషి ఎప్పుడో గాని రాడు. నువ్వు వెళ్లు.” జనవరిలోనే వెళ్లమని కూడా చెప్పాడు. మౌన్ పక్కనే, దీవులూ చిత్తడినేలలతో నిండిన ఒకవాంగో డెల్టాలో టూరిస్టుల సీజను జోరుగా ఉండేది జూన్ నుంచి అక్టోబరు దాకా. దానికి కావలసిన పైలట్లను ఏడాది మొదట్లోనే చూసుకుంటారు, పర్మిట్లకు నెలలు పడుతుంది కాబట్టి.

బయల్దేరే ముందు కాగితాలకే ఏడు వారాలు పట్టింది. లైసెన్సు నిజమైనదేనని దాన్ని ఇచ్చిన ఆఫీసు రాసివ్వాలి. ఆ ఒక్క ఉత్తరానికి ఐదు వారాలు. నేను నాలుగుసార్లు వెళ్లాను. మూడుసార్లు సంతకం పెట్టే ఆయన లేడు, నాలుగోసారి ఉన్నాడు గాని స్టాంపు లేదు. చివరికి ఉత్తరం వచ్చింది, నా పుట్టిన తేదీ తప్పుతో. మళ్లీ మొదలు. లాగ్‌బుక్ ప్రతి పేజీకీ అటెస్టెడ్ కాపీ, పోలీసు సర్టిఫికెట్, క్లాస్ వన్ మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష) కలిపి 420 డాలర్లయ్యాయి. ఎనిమిది నెలలుగా విమానం ముట్టలేదు కాబట్టి చెయ్యి తిరగడానికి సెస్నా 172 అనే చిన్న విమానం మీద మూడు గంటలు ఎగిరాను, 480 డాలర్లు. రానుపోను టికెట్టు 1,350.

పోలీసు సర్టిఫికెట్ మాత్రం అన్నిటికంటే ముందు తీసుకుని తప్పు చేశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

మౌన్‌లో టూరిస్టులను చిన్న విమానాల్లో తిప్పే కంపెనీల ఆఫీసులన్నీ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలే. నడిచి తిరగొచ్చు. జనవరి 17న తెల్లచొక్కా వేసుకుని పదకొండున్నరకు మొదలుపెట్టి రెండు గంటలకల్లా ఏడు ఆఫీసులూ పూర్తి చేశాను. ఏడు చోట్లా సీవీ తీసుకున్నారు. ఏడు చోట్లా ఎవరూ నా ముఖం చూడలేదు. బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాక వెలిగింది. వచ్చిన పని అయిపోయింది. ఇంకా 88 రోజులున్నాయి. ఇప్పుడేం చేయాలి?

ఆ ఒక్క పూటలోనే మూడు తప్పులు చేశానని తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఒకటి, వెళ్లిన వేళ. మధ్యాహ్నం పెద్ద విమానం వస్తుంది. అందులో దిగిన టూరిస్టులను చిన్న విమానాల్లో ఎక్కించి డెల్టాలోని సఫారీ క్యాంపులకు పంపాలి. ఆ వేళకి డెస్క్ దగ్గర పెళ్లివారి హడావిడి. ఉదయం తొమ్మిదింటికి, మొదటి విడత విమానాలు వెళ్లాక వెళ్తే టీ తాగుతూ మాట్లాడతారు.

రెండోది పలకరింపు. నేను లోపలికి పోతూనే “ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్” అని మొదలెట్టాను. మూడో ఆఫీసులో డెస్క్ దగ్గరున్నావిడ పెన్ను పక్కన పెట్టి, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు, “దుమెలా... రా” అంది. సెత్స్వానా భాషలో నమస్కారమండీ అన్నట్టు. మగవాళ్లను ‘రా’ అని, ఆడవాళ్లను ‘మ్మా’ అని కలిపి పలకరించాలి. అది కాకుండా పని సంగతి ఎత్తితే మొరటు మనిషి కింద లెక్క. పెద్దావిడను మ్మా అనడం నాకు చిటికెలో అలవాటైంది, మన అమ్మా లాంటిదే కదా. నన్ను ‘రా’ అని పిలిస్తే మాత్రం చాలా రోజులు లేచి దగ్గరికి వెళ్లబోయేవాణ్ని.

మూడో తప్పు అసలైనది. ఆవిడే అడిగింది, ఊళ్లో ఎన్నాళ్లుంటావని. చూడాలి, రెండు మూడు వారాలు అన్నాను. ఎదురుచూస్తున్నట్టు కనబడితే లోకువవుతానని నా భయం. ఆవిడ సీవీ మూలన పెన్నుతో ఏదో రాసింది.

మొదటి పదమూడు రాత్రులు తమలకానె నది ఒడ్డున టెంటులో పడుకున్నాను, రాత్రికి 140 పులా. డాలరుకు అప్పుడు 13న్నర పులా పైచిలుకు. నది ఒడ్డున అన్నానే గాని నదిలో నీళ్లు లేవు. ఆ ఏడు వానల్లేవు. కొన్ని వారాల తర్వాత ఎండిన మడుగుల్లో నీటిగుర్రాలు బురదలో కూరుకుపోయాయి. అక్కడి డబ్బు పేరు పులా, ఆ మాటకు అర్థం వాన. నోటు తీసి ఇచ్చినప్పుడల్లా దుకాణంలో పెద్దాయన ఒకాయన ఆకాశం వైపు చూసి తల ఊపేవాడు.

టెంటులో ఇబ్బంది రాత్రిళ్లు కాదు, పగళ్లు. తొమ్మిదింటికల్లా లోపల పొయ్యి. చొక్కా ఇస్త్రీకి దిక్కులేదు. పరుపు కింద మడతపెట్టి, దాని మీద పడుకుని మడతలు తీసేవాణ్ని. జనవరి 29న ఒక ఇంట్లో చేరాను. నాలాగే ఉద్యోగం కోసం వచ్చిన ఇంకో ఇద్దరు ఉన్నారు, నెదర్లాండ్స్ నుంచి ఒకడు, జింబాబ్వే నుంచి ఒకడు. నా వాటా నెలకు 2,600 పులా. ఆ సీజనుకి ఊళ్లో మాలాంటి వాళ్లం తొమ్మిదిమంది లెక్కతేలాం. అందరం ఒకే రోజు ఒకే ఆఫీసు మీద పడకుండా వంతులు వేసుకున్నాం. నావి సోమ, గురువారాలు.

డబ్బు తీసుకోకపోయినా సరే, ఊరికే పనిచేస్తాను, బ్యాగులు మోస్తాను, విమానాలు కడుగుతాను అని ఒక చోట అడిగాను. అంతకుముందెవరో అలా చేసే ఉద్యోగం కొట్టాడని విన్నాను మరి. ఆపరేషన్స్ మేనేజర్ వెంటనే చేతులు అడ్డంగా ఊపాడు. పర్మిట్ లేకుండా ఒక్క బ్యాగు మోసినా అది పని కిందే లెక్క, దొరికితే నాకూ తంటా, కంపెనీకీ తంటా. ఈ సంగతి ముందు తెలియక నోరు జారితే మనం చట్టం తెలియని మనిషిగా గుర్తుండిపోతాం.

అందుకని నేను చేయగలిగింది కనబడటమే. వెళ్లడం, పలకరించడం, కొత్త సంగతేమీ లేదని వినడం, వచ్చేయడం. ఫిబ్రవరి నెలంతా ఇదే. మధ్యాహ్నాలు సెస్నా 206 అనే చిన్న విమానం మాన్యువల్ చదివేవాణ్ని. నేను అప్పటికి ఆ విమానం ఎక్కనే లేదు. డెల్టాలో కొత్తవాళ్లకు ముందుగా ఇచ్చేది సెస్నా 206, లేదా గిప్స్ ఎయిర్‌వాన్. టర్బైన్ ఇంజిన్ ఉన్న క్యారవాన్ గంటలు పెరిగాకే.

ఇంటికి ఫోన్ చేయడం రాన్రాను కష్టమైంది. అమ్మ ఉద్యోగం సంగతి అడగడం మానేసింది. అడిగితే బాధపడతానని. అడగకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది. నాన్న మాత్రం, “వాళ్లేమన్నారు?” అని ప్రతి ఆదివారం అడిగేవారు. వాళ్లంటే ఎవరో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. శిక్షణ కోసం చేసిన బ్యాంకు అప్పు వాయిదా నెలకు 430 డాలర్లు. ఐదో తారీఖున ఖాతాలోంచి పోయేది. నెలలో ఆ రోజు నాకు అన్నం సహించేది కాదు.

ఫిబ్రవరి 15న మొదటిసారి ఒక మార్పు. మూడో ఆఫీసు ఆవిడ, నన్ను దుమెలా అనిపించిన ఆవిడే, రేపు పొద్దున ఒక విమానం ఖాళీగా క్యాంపుకి వెళ్తోంది, కుడి సీటులో కూర్చుని చూసొస్తావా అంది. వెళ్లాను. ఆకాశంలోంచి చూస్తే నాకున్న సగం ధైర్యం పోయింది. కింద అంతా ఒకటే చదును. ఒక దీవికీ ఇంకో దీవికీ తేడా తెలియదు. కొండ లేదు, రోడ్డు లేదు, రైలు పట్టాలు లేవు. శిక్షణలో మ్యాపు చూసి గుర్తులు పట్టడం నేర్పినవన్నీ ఇక్కడ చెల్లవు. నడుపుతున్నవాడు నాకంటే రెండేళ్లు చిన్న. క్యాంపు దగ్గరి మట్టి స్ట్రిప్ (చిన్న రన్‌వే) మీదికి ముందు తక్కువ ఎత్తులో ఒకసారి ఊరికే ఎగిరి, జింకలు లేవని చూసుకుని, తిరిగొచ్చి దింపాడు. నేలను తాకీతాకగానే అంచున ఉన్న ఆర్డ్‌వార్క్ అనే చీమలు తినే జంతువు బొరియలు చూపించి, వీటిలో చక్రం పడితే ముక్కు విరుగుతుందన్నాడు, కాఫీ బాగుందన్నంత మామూలుగా.

మార్చి 11 గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ రోజు మూడో ఆఫీసు ఆవిడ, మాటల మధ్యలో, తమ పైలట్లలో ఒకరు ఏప్రిల్‌లో మానేస్తున్నారని చెప్పింది. ఇంటికొచ్చాక ఆ సంగతి మిగతా ఇద్దరికీ చెప్పలేదు. డచ్ కుర్రాడికి 260 గంటలున్నాయి, చాలా బాగా మాట్లాడతాడు, ఏ ఆఫీసులో ఏం విన్నా రాత్రి భోజనాల దగ్గర మాకు చెప్పేసేవాడు. వాడికి 13న తిరుగు టికెట్టు. నేను 12న కూడా చెప్పలేదు. 13 పొద్దున వాడి పెట్టె ట్యాక్సీలో పెట్టడానికి సాయం చేశాను. వాడు నాకు తన గ్యాస్ స్టవ్ ఇచ్చి వెళ్లాడు.

వారం తిరక్కుండా, మార్చి 19న, ఆ ఆఫీసు నుంచే రాతపరీక్షకు పిలుపు. రెండు పేజీలు, నలభై నిమిషాలు. ఐదుగురు ప్రయాణికులతో 206 బరువూ బ్యాలెన్సూ లెక్క. ఇంధనం లెక్క. డెన్సిటీ ఆల్టిట్యూడ్ లెక్క. ఇది అక్కడ పుస్తకాల్లో లెక్క కాదు. మౌన్ దాదాపు 3,100 అడుగుల ఎత్తున ఉంది. 35 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఇంజిన్‌కూ రెక్కకూ 6,200 అడుగుల మీద గాలిలా ఉంటుంది. రన్‌వే రెట్టింపు తింటుందేమో అనిపిస్తుంది. చివరి ప్రశ్న వేరే తరహా: ‘బ్యాగు 27 కిలోలు తూగింది, 20 దాటకూడదు. అతిథి తాను క్యాంపు యజమాని స్నేహితుణ్ని అంటున్నాడు. ఏం చేస్తావు?’ బ్యాగు ఉండిపోతుంది, అతిథి వస్తాడు, నేను ఆపరేషన్స్‌కి ఫోన్ చేస్తాను అని రాశాను. ఇప్పటికీ నా జవాబులన్నిటిలోకీ అది బాగా వచ్చిందనుకుంటాను.

మార్చి 26, ఉదయం ఆరున్నర, చెక్ ఫ్లైట్, అంటే విమానం నడిపి చూపించే పరీక్ష. చీఫ్ పైలట్ నిక్కరు, సాక్సులతో వచ్చాడు. తెల్లచొక్కాలో నేను పెళ్లికొడుకులా ఉన్నాను. విమానం చుట్టూ తిరుగుతూ వెనక తలుపు దగ్గర ఆగి, “దిగాక మంటలొచ్చాయనుకో, వీళ్లు ఎలా బయటపడతారు?” అన్నాడు. మధ్యాహ్నాలు చదివిన మాన్యువల్ అప్పుడు పనికొచ్చింది. 206లో ముందు కుడివైపు తలుపు ఉండదు. పైలట్‌కి ఎడమ తలుపు, ప్రయాణికులకు కుడివైపు వెనక రెండు రెక్కల తలుపు. ఫ్లాప్స్ (విమానం రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దింపి ఉంటే ఆ తలుపు ముందు రెక్క ఫ్లాప్‌కి తగిలి కొద్దిగానే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి వెనక రెక్క గొళ్లెం అందుకోవాలి. ఎక్కించేటప్పుడే ప్రయాణికులకు చేసి చూపించాలి, పైలట్ ముందుగా ఫ్లాప్స్ ఎత్తేయాలి. ఇది చెప్పాను. ఊఁ అన్నాడు. ఆ రోజంతా ఆయన నోటి నుంచి విన్న మెచ్చుకోలు అదే.

గాల్లో మాత్రం అంత బాగా లేదు. 600 అడుగుల దగ్గర, ఇంజిన్ ఆగిపోయినట్టు, ఆయన థ్రాటిల్ లాగేశాడు. ముక్కు దించడం గుర్తుంది, మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్లే ఇంధనం, గాలి పాళ్లు) చూడటం మర్చిపోయాను. 900 మీటర్ల మట్టి స్ట్రిప్‌కి దిగబోయిన మొదటిసారి పది నాట్లు (గంటకు 18 కిలోమీటర్ల పైన) ఎక్కువ వేగం. 172 కంటే బరువైన ముక్కు, చేతికి అలవాటు లేదు. స్ట్రిప్ మొదలు కాళ్ల కింద జారిపోతోంది, విమానం ఇంకా తేలుతోంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఏమీ పట్టనట్టు. పవర్ పెట్టి, దిగకుండా మళ్లీ పైకి లేపేశాను. దీన్నే గో అరౌండ్ అంటారు. ‘పోయింది ఉద్యోగం’ అనుకున్నాను. ఆ మాట బయటికే అన్నానేమో కూడా. రెండోసారి సరిగ్గా దిగింది. గంటా ఇరవై నిమిషాలు. డబ్బు వాళ్లే పెట్టుకున్నారు. దిగాక చొక్కా పిండితే నీళ్లు.

తర్వాతి వారం రోజుల గురించి రాయడానికేమీ లేదు, నిద్ర లేకపోవడం తప్ప.

ఏప్రిల్ 2, డెబ్బై ఎనిమిదో రోజు. ఆఫీసుకి పిలిచి రెండేళ్ల కాంట్రాక్టు ముందు పెట్టారు. ముందే మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలి. అంతా వర్క్ పర్మిట్ వస్తేనే. బల్ల మీద నా సీవీ ఉంది. మూలన ‘3 వారాలు’ అని రాసి కొట్టేసి ఉంది. దాని కింద వరసగా తేదీలు. 22, 25, 1, 5... నేను వచ్చిన ప్రతి సోమవారం, గురువారం. చదువుతుంటే ఆవిడ కాగితం తిప్పేసి, “గో అరౌండ్ చేశావట కదా, రా,” అంది. అది మంచికో చెడుకో అడగడానికి ధైర్యం చాలలేదు.

పర్మిట్ దరఖాస్తు వేశాక నేను అక్కడ ఉండి చేసేదేమీ లేదు, ఉండటానికి డబ్బూ లేదు. టికెట్టు ముందుకు జరపడానికి 180 డాలర్లు కట్టి ఏప్రిల్ 4న బయల్దేరాను. అద్దె, తిండి, ఫోను, ట్యాక్సీలు అన్నీ కలిపి మౌన్‌లో ఎనభై రోజులకు 15,200 పులా అయింది, అంటే 1,100 డాలర్లకు కాస్త పైన. మూడు బ్యాంకు వాయిదాలు పోగా ఖాతాలో మిగిలింది 300 పైచిలుకు.

ఇంటికొచ్చాక అందరూ అభినందించారు. నాకేమో చేతిలో ఏమీ లేదు. ఉద్యోగం వచ్చినట్టా రానట్టా? ఈ మధ్యకాలం మౌన్‌లో ఎదురుచూపుకంటే కష్టం, ఎందుకంటే అక్కడ కనీసం నడిచి వెళ్లి అడిగేవాణ్ని. మేలో కబురు వచ్చింది. పోలీసు సర్టిఫికెట్ ఆరు నెలలు దాటిపోయింది, కొత్తది పంపాలి. ముందే తీసుకోవడం తప్పని అందుకే అన్నాను. జూన్‌లో మెడికల్ కూడా మళ్లీ చేయించాను. వాయిదాలకు మళ్లీ అక్కే. ఈసారి అడగలేదు, తనే పంపింది. “లెక్క రాసి పెట్టుకోరా,” అంది, అంతే. పర్మిట్ జూలై 22న వచ్చింది. 109 రోజులు.

ఆగస్టు 3న మళ్లీ మౌన్. అక్కడి ఎయిర్ లా (విమానయాన చట్టాల) పరీక్ష మొదటిసారి రెండు ప్రశ్నల్లో పోయింది. అవమానంగా ఉండి ఎవరికీ చెప్పలేదు. రెండో విడత గట్టెక్కాను. నా లైసెన్సుకు అక్కడి విమానయాన సంస్థ ఆమోదం సెప్టెంబరు 6న చేతికొచ్చింది. ఫీజులకు, అక్కడి మెడికల్‌కు 300 డాలర్లు.

తర్వాత ఐదు వారాలు లైన్ ట్రైనింగ్. ఎగరడం కంటే మిగతావే ఎక్కువ నేర్చుకోవాలి. స్ట్రిప్‌ల పేర్లు రాసేది ఒకటి, పలికేది ఒకటి. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్స్‌లతో నిండిన పేరును రేడియోలో కాకనాకా అనాలి. టవర్ పరిధి దాటాక ఎవరు ఎక్కడున్నారో మనకు మనమే రేడియోలో చెప్పుకోవాలి. ఎంత ఎత్తులో, ఎటు వెళ్తున్నాం, ఎన్ని నిమిషాల్లో. మొదటి వారం నా గొంతు ఎంత సన్నగా వచ్చేదంటే, ఒకాయన గాల్లోంచే, భయపడకు మేమంతా ఇక్కడే ఉన్నాం అన్నాడు. బరువు తూచడం, బ్యాగులు ఎక్కించడం, కిటికీలు తుడవడం, వాంతి సంచులు ప్రతి సీటు జేబులో ఉన్నాయో లేదో చూడటం, ఇవన్నీ పైలట్ పనే. మధ్యాహ్నం వేడిగాలి కుదుపులకు ఆ సంచులు ఊరికే ఉండవు. మొదటి నెల జీతం చేతికి 11,200 పులా వచ్చింది.

సెప్టెంబరు చివర్లో డచ్ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. మార్చి 11 సంగతి, రెండు రోజులు దాచడం, అంతా. వాడు అప్పటికి ఇంకో దేశంలో ఉద్యోగంలో ఉన్నాడు. జవాబు మర్నాడు వచ్చింది: “ఆవిడ నాక్కూడా చెప్పింది. నా దగ్గర డబ్బయిపోయింది. స్టవ్ పనిచేస్తోందా?”

అక్టోబరు 14, సోమవారం. పక్కన ఎవరూ లేకుండా ప్రయాణికులతో నా మొదటి ట్రిప్. నలుగురు అతిథులు, ఖ్వాయ్ అనే చోటి స్ట్రిప్‌కి, అరగంట దారి. ఊరు 40 డిగ్రీలు కాగుతోంది. తలుపు ఎలా తీయాలో వాళ్లకు రెండుసార్లు చూపించాను. మూడోసారి మొదలెడితే పెద్దాయన నవ్వి, అర్థమైంది అన్నాడు. అంతా కాగితం మీద రాసుకున్నట్టే నడిచింది, స్ట్రిప్ కనిపించేదాకా.

స్ట్రిప్ మధ్యలో మూడు ఏనుగులు. క్యాంపు జీపు ఒక చివర ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడని ఊహించుకోవాలి, పైకి వినబడదు కదా. ఏనుగులకూ వినబడినట్టు లేదు. ఒక చుట్టు తిరిగాను. రెండోది తిరిగాను. ఇంధనం చూసుకున్నాను, గంటన్నర పైనే ఉంది. ఇంకో ఇరవై నిమిషాలు చూసి మౌన్‌కి తిరిగిపోవాలని మనసులో గీత గీసుకున్నాను. వెనక ముగ్గురు ఫొటోలు తీస్తున్నారు, నాలుగో ఆవిడ సంచి వెతుక్కుంటోంది. పన్నెండో నిమిషానికి పెద్ద ఏనుగు నడక మొదలుపెట్టింది, దాని వెనకే మిగతావి, ఏ తొందరా లేకుండా. అవి చెట్లలోకి వెళ్లేదాకా ఆగి, ఒకసారి తక్కువ ఎత్తులో చూసుకుని, దింపాను. వేగం సరిగ్గానే ఉంది.

తిరిగొచ్చాక డెస్క్ దగ్గర ఆవిడ గడియారం చూసి ఫారం నా ముందుకు తోసింది. ఆలస్యం ఎంత, కారణం ఏమిటి అని రెండు గళ్లు. 14 నిమిషాలు అని రాశాను. రెండో గడిలో ఏనుగులు అని రాసి, ఇలా రాయొచ్చా మ్మా అని అడిగాను.

“ఎన్ని?” అంది.

మూడు అన్నాను. అంకె కూడా వేయమంది.